సీసా కంటే ముందు కిట్టు

ప్రత్తిపాడులో మా తమ్ముడి కొడుకు ఈ వారం కొత్త అక్వేరియం పెట్టాడు. "పెదనాన్నా, ఈ బ్యాక్టీరియా సీసా పోస్తే ఇవాళే చేపలు వదలొచ్చంట" అన్నాడు. లేబుల్ మీదా అదే రాసి ఉంది. లోపల ఏ బ్యాక్టీరియా ఉందో మాత్రం లేదు. నాకు కోపమొచ్చింది. ప్రతి తెగులుకీ కొట్లో ఒక సీసా దొరుకుతుందన్న నమ్మకం మీద నా పోరు పాత పాఠకులకు తెలిసిందే.

చేప వదిలే అమ్మోనియా చేపకే విషం. ఒక బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా మారుస్తుంది, అదీ విషమే. ఇంకొకటి దాన్ని అంత హాని లేని నైట్రేట్‌గా మారుస్తుంది. పత్తి చేలో వేసిన యూరియా చివరికి నడిచేదీ ఈ దారినే. కొత్త ఫిల్టర్ స్పాంజిలో ఈ రెండు బ్యాక్టీరియాలూ నిలదొక్కుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది.

నిజాంపట్నం వైపు వనామీ రొయ్యల రైతులు డ్రమ్ములో నీళ్లు, బెల్లం, తవుడు, ప్రోబయోటిక్ పొడి కలిపి పులియబెట్టి చెరువులో చల్లుతారు. నాకు ఇష్టమైన పద్ధతి అది. కొన్నదాన్ని రైతు తన చేత్తో పెంచుకుంటాడు. ఆ పొడిలో ఎక్కువగా ఉండేది బాసిల్లస్ అనే బ్యాక్టీరియా. అది సిద్ధబీజాలు కడుతుంది కాబట్టి గోడౌన్ వేడికి తట్టుకుంటుంది, బెల్లం తగిలితే గంటల్లో పెరుగుతుంది, అడుగున మిగిలిన మేతను కరిగిస్తుంది. ఆ లెక్క అక్వేరియానికి పనికిరాదు. అమ్మోనియా తినే నైట్రోసోమోనాస్ బెల్లం ముట్టదు, సిద్ధబీజాలు కట్టదు, రెట్టింపు కావడానికి ఒక రోజు దాకా పట్టొచ్చు. మన మే నెల ఎండలో షాపు అరల్లో మగ్గిన సీసాలో ఏం బతికి ఉంటుంది?

అయినా సీసాను కొట్టిపారేయలేను. మంచినీటి అక్వేరియంలో నైట్రైట్‌ను మార్చేది నైట్రోబాక్టర్ అని చాలాకాలం అనుకున్నారు. అది నైట్రోస్పైరా అని 1998లో అమెరికాలో టిమ్ హోవానెక్ బృందం చూపింది. సరైన జాతి ఉన్న సీసాను చల్లగా దాచి, గడువు లోపల, క్లోరిన్ పోయిన నీళ్లలో పోస్తే వారాలు నిజంగానే తగ్గుతాయి. బాగా నడుస్తున్న తొట్టి నుంచి తెచ్చిన పాత స్పాంజి ముక్క అంతకన్నా నమ్మకమైనది, పైసా ఖర్చు లేనిది. మన బోరు నీళ్ల క్షారతా ఈ బ్యాక్టీరియాకు కలిసొస్తుంది.

సీసా కొనేవాళ్లు ముందు అమ్మోనియా, నైట్రైట్ టెస్ట్ కిట్ కొనండి. చేపలు లేకుండానే రోజూ చిటికెడు మేత వేయండి, అది కుళ్లి అమ్మోనియా పుడుతుంది. మొదట అమ్మోనియా, తర్వాత నైట్రైట్ పెరిగి, మేత వేస్తున్నా రెండూ సున్నాకు దిగేదాకా ఒక్క చేపనూ వదలకండి.