పావుగంటలో పాట, అరగంటలో కథ

హరికథ అంటే భోజనాలయ్యాక మొదలై ఏ అర్ధరాత్రి దాకానో సాగేది. జముకుల కథకు ఒక్కోసారి రాత్రంతా చాలదు. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల కళలన్నీ ఇలా తీరుబడిగా, జనం ముఖాలు చూస్తూ పెరిగినవే. రేడియో వచ్చి వాటి ముందు గడియారం పెట్టింది.

పావుగంట సంగీతం, పది నిమిషాల ప్రసంగం, అరగంట నాటకం, నడుమ వార్తలు. సాయంత్రాన్ని ఇలా కదంబమాలగా గుచ్చడం 1922లో మొదలైన బీబీసీ లండన్‌లో నేర్పిన పద్ధతి. అక్కడ పనిచేసిన లయొనెల్ ఫీల్డెన్ 1935లో వచ్చి మన ప్రసారాల పగ్గాలు పట్టాడు. మరుసటి ఏడే ఆలిండియా రేడియో అన్న పేరు స్థిరపడింది. తర్వాత 1938లో మద్రాసు, 1948లో విజయవాడ, 1963లో విశాఖపట్నం కేంద్రాలు వచ్చాయి.

గడియారం కళను కుదించేసిందనే వాళ్లున్నారు. నాకలా అనిపించదు. పావుగంట కచేరీలో రాగం ఎత్తుకోగానే దాని స్వరూపం తెలియాలి. మోజుపడి ఆలాపన కాస్త సాగదీస్తే చరణానికి చోటుండదు. తొలిరోజుల్లో దాదాపు అంతా ప్రత్యక్ష ప్రసారమే. ఎర్రదీపం వెలిగాక దగ్గు వచ్చినా దిగమింగుకోవాల్సిందే.

మైకు ముందు మాట్లాడటం వేరే విద్య. ‘ప’, ‘భ’ వంటివి సూటిగా పలికితే ఊపిరి మైకుకు కొట్టుకుని బుస్సుమంటుంది. అందుకే ముఖం కాస్త పక్కకు తిప్పి పలకాలి. నాటకంలో వీధిలోంచి లోపలికొచ్చే పాత్ర మాట్లాడుతూ నిజంగానే నాలుగడుగులు నడిచి మైకును చేరాలి. గుర్రపు డెక్కలకు కొబ్బరి చిప్పలు, ఉరుముకు ఇనుపరేకు. స్క్రిప్టుకు పిన్ను ఉండకూడదు. చదివిన కాగితాన్ని సడి లేకుండా పక్కకు జార్చేయాలి.

జముకుల కథను మైకుకు అమర్చడం ఇంకా కష్టం. జముకు వాద్యం మోత దగ్గరైతే కథకుడి మాట మునిగిపోతుంది, దూరమైతే కథకు ఊపు రాదు. వంతగాళ్లను ఎక్కడ నిలబెట్టాలన్నదీ అంతే ముఖ్యం, ఎదురుగా జనం లేని గదిలో ఊఁ కొట్టేది వాళ్లే కదా! తప్పెటగుళ్లు మాత్రం రేడియోకు లొంగలేదు. గజ్జెల హోరు, తప్పెట దెబ్బ వినిపిస్తాయి, గుండెల మీద తప్పెట కట్టుకుని గిరగిరా తిరిగే మనిషి కనిపించడు. ఆ నష్టం ఒప్పుకోవాలి.

రేడియోకు గొంతులిచ్చిన ఊరు విజయనగరం. 1919లో వెలసిన సంగీత కళాశాలకు ఆదిభట్ల నారాయణదాసు, తర్వాత ద్వారం వెంకటస్వామినాయుడు సారథులు. అక్కడ పట్రాయని సీతారామశాస్త్రి శిష్యుడైన ఘంటసాల సినిమాల్లో నిలదొక్కుకోకముందే మద్రాసు రేడియోలో పాడారు. అదే కళాశాలలో చదివిన సుశీల గొంతు సంగీత దర్శకుడు పెండ్యాల నాగేశ్వరరావుకు పరిచయమైందీ ఆ రేడియో వల్లనే. అలా 1953లో ‘కన్నతల్లి’లో పాడారు. విజయనగరం జిల్లా పుష్పగిరిలో పుట్టిన శ్రీరంగం గోపాలరత్నం విజయవాడ కేంద్రానికి ప్రాణమయ్యారు.

కళాశాలలో వీళ్లు నేర్చింది సభ చివరి వరసకు వినిపించేలా పాడటం. రేడియో వేరేది అడిగింది. 1941లో మద్రాసు కేంద్రంలో చేరిన బాలాంత్రపు రజనీకాంతరావు వంటివాళ్లు పెంచిన లలిత సంగీతంలో సంగతుల కన్నా మాట ముఖ్యం. గొంతు తగ్గించి, పక్కనున్న మనిషితో చెప్పుకున్నట్టు పాడాలి. అలా పాడితే గొంతులోని వణుకు, ఊపిరి తీసిన చోటు అన్నీ బయటపడతాయి, దాచుకోవడానికి మృదంగం అండ కూడా పెద్దగా ఉండదు. గోపాలరత్నం పాడిన ఎంకి పాటలు వింటే ఇది తెలుస్తుంది. కచేరీ గొంతు ఎక్కడా బరువు చూపించదు, శాస్త్రీయ శిక్షణంతా పల్లె మాట వెనక ఒదిగి ఉంటుంది.

ఇవాళ ఫోనులో ఎంతసేపైనా రికార్డు చేసుకోవచ్చు, గడువు చెప్పేవాళ్లు లేరు. అందుకే సంగీత కళాశాలల్లో, జముకుల కథ నేర్పేచోట్ల ఆకాశవాణి పాత రికార్డులు పాఠంగా వినిపించాలి. ఆపైన ప్రతి విద్యార్థినీ మైకు ముందు కూర్చోబెట్టి, గడియారం చూపించి, ఒక్క పావుగంట పాడించాలి.