జీర్ణయంత్రోద్ధరణము

1984-85లో భారత ప్రభుత్వము ‘క్లాస్’ అను పథకము క్రింద సుమారు 250 పాఠశాలలకు బీబీసీ మైక్రో కంప్యూటర్లను ఇచ్చినది. చెప్పులు గుమ్మము వెలుపల విడిచి, దుమ్ము పడకుండ గుడ్డ కప్పిన యా పెట్టెల యెదుట వంతులవారీగా కూర్చుండిన తరము ఇపుడు ఏబదులలో నున్నది. మొహాలీలోని సెమికండక్టర్ కాంప్లెక్స్ సంస్థ, నిర్మాతలైన ఏకార్న్ వారి అనుమతితో, యూనికార్న్ అను పేర వానిని ఇచ్చటనే తయారుచేసెను కూడ; పిమ్మట ఐబీఎం తరహా పీసీలు రాగా, పాతవి స్టోరుగదులకును, అటనుండి పాతసామాన్ల అంగళ్ళకును చేరినవి.

అట్టి యంత్ర మొకటి శ్రీశైలము చెంత సున్నిపెంటలో నా బల్లపై నున్నది. దానిని మేల్కొలుపుటలో తొలిపని ఏమంత ఘనమైనది కాదు. పవర్ సప్లై విప్పి, కరెంటు వచ్చు దారిలో నుండు తేనెరంగు కెపాసిటరును పీకివేయుట. దాని పైపొర కాలక్రమమున సన్నని చీలికలు తీయును. నల్లమల వానలలో, డ్యాము గేట్లెత్తు దినములలో, ఆ చీలికలగుండ తేమ లోపలి కాగితమున కెక్కును. తీయక స్విచ్చి వేసితిమా, టప్పుమని పగిలి ఇల్లంతయు ఘాటైన పొగ కమ్మును.

అసలు మలుపు రెండవ పనిలో నున్నది. యంత్రము అడుగునగల పోర్టునకు చిన్న పలక తగిలించి, అందు మెమరీ కార్డు దూర్చి, దానిని చదువనేర్చిన రోమ్ చిప్పును కీబోర్డు క్రింది సాకెట్టున కాళ్ళు వంగకుండ నొక్కినచో, 100, 200 కిలోబైట్ల ఫ్లాపీలు వందలకొలదిగా ఆ కార్డులో నిముడును. జనులు పాత కంప్యూటర్లను విడిచినది అవి మందగమనములని మాత్రమే యని నేననుకొనను; బూజు పట్టిన ఫ్లాపీని బతిమాలుటకే సాయంకాలమంతయు చెల్లిపోవుటచేత విడిచిరి. ఆ యడ్డు తొలగినంతనే ఆసక్తి మరల పుట్టుచున్నది. యంత్రములోని 6502 ప్రాసెసరు మాత్రము ఎప్పటి 2 మెగాహెర్ట్జులలోనే నడచును.

వేగమునకును దారి లేకపోలేదు. ‘ట్యూబ్’ అను ద్వారమును నిర్మాతలే ముందుగ విడిచిరి; దానికి రెండవ ప్రాసెసరును తగిలింపవచ్చును. నేటి ఫోనులలో ఇంచుమించు అన్నిటికిని మూలపురుషుడైన ఆర్మ్ చిప్పు 1985లో తొలుత నడచినది ఆ ద్వారము చెంతనే. ఔత్సాహికు లిపు డచటనే రాస్ప్‌బెర్రీ పై పలకను తగిలించి మెరుపువేగము సాధించుచున్నారు. చూచుటకు ముచ్చటయే, కాని అపుడు పాత ప్రాసెసరునకు మిగులునది, నొక్కిన మీటను అందుకొనుట, తెరపై అక్షరము వేయుట వంటి పనులు మాత్రమే. ఇందుకు భిన్నముగ, శ్రీశైలము జలాశయమున మునుగనున్న కూడవెల్లి సంగమేశ్వరాలయమును రాతికి రాయి విప్పి అలంపురమున మరల నిలిపిరి. చోటు మారినది, గుడి అదియే. నా మొగ్గు ఆ పద్ధతివైపు.

అందుచేతనే మెమరీ పెంచు పలకను నేను తగిలింపలేదు. పొరుగింటి పిల్లవాడు సన్నగీతల బొమ్మకై మోడ్ 0 అను తెర పద్ధతిని ఎంచుకొనగా, 32 కిలోబైట్లలో 20 తెరకే పోయి, ప్రోగ్రామునకు చోటు చాలక ఆగినది. “బొమ్మకే అంత పాయనా తాతా?” అని వాడడిగెను. 1 కిలోబైటుతో సరిపెట్టుకొను మోడ్ 7 చూపితిని. అందు గీతలు లేవు, అక్షరములును మొరటు గళ్ళును తప్ప. వాడు లెక్కల పుస్తకపు గళ్ళ కాగితము తెచ్చి మల్లన్న గుడి గోపురమును అడ్డము 80, నిలువు 75 గళ్ళలో ఇమిడింప మొదలిడెను. గళ్ళు వేయు ప్రతి వరుసలోను రంగు సంకేతమునకై ఒక అక్షరపు చోటు వదులుకొనవలెనని చెప్పగానే, సగము వరుసలలోనే గళ్ళు చాలునని బేరమునకు దిగెను.