పాత మాటలు, కొత్త హానులు: 1861 ఆంగ్ల చట్టంపై ఒక పరిశీలన

చట్టం కూడా మాటలతో కట్టినదే. సాహిత్య విద్యార్థి దాన్ని విమర్శదృష్టితో చదవడం అనుచితం కాదని మా అభిప్రాయం. ఇంగ్లండు, వేల్సులలో నేటికీ అమలులో ఉన్న 1861 నాటి 'వ్యక్తులపై నేరాల చట్టం'లో, ప్రాణం పోని నేరాలకు సంబంధించిన 18, 20, 47 సెక్షన్లను ఇక్కడ పరిశీలిస్తున్నాము.

ముందుగా మూలసూత్రం. ఆంగ్ల న్యాయంలో నేరానికి సాధారణంగా రెండు అంగాలు కావాలి: నిషిద్ధమైన చేత (ఆక్టస్ రియస్), దోషంతో కూడిన మనస్సు (మెన్స్ రియా). ఈ రెండూ ఒకే సమయంలో కలవాలి. 1968 నాటి ఫేగన్ కేసు ఇందుకు మంచి ఉదాహరణ. కారు చక్రం ఒక పోలీసు పాదంమీదికి ఎక్కింది. అది అనుకోకుండా జరిగి ఉండవచ్చు. కాని తీయమన్నా డ్రైవరు వెంటనే తీయలేదు. చక్రం పాదంమీద ఉన్నంతసేపూ ఆ చేత సాగుతూనే ఉందనీ, మధ్యలో పుట్టిన దురుద్దేశం దానితో కలిసిందనీ కోర్టు నిర్ణయించింది.

సూత్రం ఇంత స్పష్టంగా ఉండగా, చట్టం భాష అలా లేదు. 20వ సెక్షనులో 'మెలీషియస్లీ' అనే మాట ఉంది. నిఘంటువు చూసి 'ద్వేషంతో' అని తెలిగిస్తే పొరపాటే. ఇదే చట్టంలోని 23వ సెక్షను కింద వచ్చిన కనింగ్‌హామ్ కేసులో (1957) నిందితుడు డబ్బుకోసం గ్యాసు మీటరు ఊడబెరికాడు. గ్యాసు పక్కింటికి పాకి ఒకామె ప్రాణానికి ముప్పు తెచ్చింది. ఆ మాటకు అర్థం దుర్మార్గం కాదనీ, అటువంటి హాని చేయాలన్న ఉద్దేశంగాని, రావచ్చని తెలిసీ తెగించడంగాని ఉండాలనీ అప్పీలు కోర్టు చెప్పింది.

'గాయం' సంగతీ ఇంతే. చర్మం పూర్తిగా తెగితేనే అది చట్టం దృష్టిలో గాయం. 1983 నాటి ఒక కేసులో గాలితుపాకి గుండు తగిలి కంటిలోపల రక్తనాళాలు చిట్లినా, చర్మం తెగలేదు గనుక గాయం కాదన్నారు. కనుక 'తీవ్రమైన శారీరక హాని'ని 'తీవ్ర గాయం' అని అనువదించేవారు రెండు వేర్వేరు నేరాలను ఒకటి చేస్తున్నారు.

మా ప్రధానమైన ఆక్షేపణ మరొకటి. తీవ్రమైన హాని చేయాలన్న ఉద్దేశం ప్రధానంగా ఉండే 18వ సెక్షనుకు యావజ్జీవం వరకు శిక్ష ఉంది. దాని తరువాతి మెట్లయిన 20, 47 రెండింటికీ గరిష్ఠశిక్ష 5 సంవత్సరాలే. పైగా 1991లో ప్రభువుల సభ తీర్పు ప్రకారం, 20కి ఏదో కొంత హాని రావచ్చని ఊహిస్తే చాలు. 47కి హానిని ఊహించనే అక్కరలేదు. చేతకు తగిన మనస్సు ఉండాలన్న మూలసూత్రం ఇక్కడ సడలిపోతున్నది.

అయితే ఎదుటి వాదాన్నీ వినాలి. 1997లో ఐర్లండ్, బర్‌స్టో కేసులలో ప్రభువుల సభ, పదేపదే ఫోను చేసి మౌనంగా ఉండడం సైతం దాడి కావచ్చనీ, మనోవ్యాధి సైతం శారీరక హాని కావచ్చనీ నిర్ణయించింది. టెలిఫోను పుట్టకముందు రాసిన మాటలు అంతదూరం సాగాయంటే అది వాటి అస్పష్టత చలవే. కాని ఆ మేలు చేసినది న్యాయమూర్తులు. చట్టం రాసినవారు కాదు. 1993లో న్యాయసంఘం, 1998లో ప్రభుత్వ ముసాయిదా, మళ్ళీ 2015లో న్యాయసంఘం మార్పులు సూచించినా పాత చట్టమే మిగిలింది.

మన దేశంలో 1860 నాటి శిక్షాస్మృతి మరో దారి పట్టింది: తీవ్రమైన హాని ఏదో ఎనిమిది రకాలుగా విడదీసి చెప్పింది. 2024 జూలై 1న దాని స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత కూడా ఆ పట్టికను నిలిపింది; అందులోని 20 రోజుల బాధను మాత్రం 15 రోజులకు తగ్గించింది. నిర్వచనమున్నచోట సామాన్యుడికి ముందే హద్దు తెలుస్తుంది. ఆ పద్ధతే మేలని మేము తలుస్తాము.

బెంగుళూరులోనో, చెన్నైలోనో, బరంపురంలోనో ఇంగ్లీషులో న్యాయశాస్త్రం చదివి ఇంట్లో తెలుగు మాట్లాడే విద్యార్థులకు ఒక మనవి. రేపు మీ వద్దకు వచ్చే కక్షిదారుడు దెబ్బ, గాయం, హాని అన్నింటినీ ఒకే మాటగా చెప్పవచ్చు. వాటిని విడదీసి, కోర్టు ఇచ్చిన అర్థాన్ని తెలుగులో అతనికి విప్పి చెప్పవలసినవారు మీరే.