ముఖచిత్రంలో కనిపించని బిడ్డ

ఖరగ్‌పూర్ ట్రాఫిక్ ప్రాంతపు రైల్వే క్వార్టర్లలో పెరిగిన తెలుగువారిని కదిపితే, తండ్రి అనగానే వారికి ముందుగా స్ఫురించేది ఆయన పగటినిద్ర. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో ఆంధ్రతీరం నుండి వలసవచ్చిన ఆ కుటుంబాలలో ఇంటి గడియారం డ్యూటీ పట్టికననుసరించే నడిచేది. రాత్రి బండి మీద వెళ్ళినవాడు తెల్లవారి వచ్చి పడుకుంటే పిల్లలు గొంతు తగ్గించి ఆడుకునేవారు. ఆ ఎడబాటును తండ్రే స్వయంగా పాడగా వినడం అరుదు. మన సంప్రదాయంలో జోల తల్లి సొత్తు. వాగ్గేయకారులు సైతం జోల పాడవలసివచ్చినప్పుడు తరచుగా తల్లి గొంతును ఆశ్రయించారు.

ర్యాప్ గీతాన్ని కేవలం యువకుల కోలాహలంగా కొట్టివేసేవారు ఈ దృష్టితో ఒకసారి వినవలసి ఉంది. లయకు మాటను బిగించి చెప్పే ఆ పద్ధతి మన బుర్రకథకుని ధోరణికి మరీ పరాయిది కాదు. అయితే ఇక్కడ కథకుడే కథానాయకుడు. షికాగోకు చెందిన ఛాన్స్ ద ర్యాపర్ ఏ రికార్డు కంపెనీకీ కట్టుబడని స్వతంత్రుడు. 2015లో తండ్రి అయ్యాడు. మరుసటి ఏడు వెలువరించిన ‘కలరింగ్ బుక్’ గీతసంపుటి 2017లో గ్రామీ బహుమతి పొందింది. విపణిలో ప్రతులు లేకుండా, ఇంటర్నెట్ ద్వారా మాత్రమే వినిపించిన సంపుటికి ఆ గౌరవం దక్కడం అదే ప్రథమం.

దాని ముఖచిత్రంలో ఛాన్స్ తల వంచి కిందికి చూస్తూ చిరునవ్వు నవ్వుతుంటాడు. ఆ ముఖకవళిక కోసం చిత్రకారుడు బ్రాండన్ బ్రూ అతని చేతికి పసికూతురినిచ్చాడు. బిడ్డ మాత్రం బొమ్మలో లేదు. సంపుటి బలమూ పరిమితీ రెండూ ఇందులోనే ఉన్నాయని నా అభిప్రాయం. గాస్పెల్ బృందగానం, షికాగో బాలబాలికల గానం తోడై తండ్రి ఆనందాన్ని ఎంతో ఎత్తుకు తీసుకువెళ్ళాయి; కాని బిడ్డ దైవానుగ్రహానికి గుర్తుగా నిలిచిందే తప్ప, అర్ధరాత్రి లేచి ఎత్తుకోవలసిన ప్రాణిగా కాదు. 2019 జూలైలో వచ్చిన ‘ది బిగ్ డే’ 22 ఖండికల పెళ్ళి సంబరం. అందులో సంసారపు సందడి ఉన్నంతగా సంసారపు చాకిరీ లేదు.

ఆ చాకిరీ పాటలోకి గాక ఒక ప్రకటనలోకి వచ్చింది. రెండవ కుమార్తె పుట్టిన కొద్ది రోజులకు, 2019 సెప్టెంబరులో, అతడు తన పర్యటనను వాయిదా వేశాడు. మొదటి బిడ్డ పుట్టిన రెండు వారాలకే పర్యటనకు వెళ్ళి ముఖ్యమైన ఘట్టాలకు దూరమయ్యానని చెప్పుకున్నాడు. డిసెంబరులో పర్యటన మొత్తం రద్దయింది.

మన దేశంలో కేంద్రప్రభుత్వోద్యోగికి 15 రోజుల పితృత్వ సెలవు 1997లో గాని రాలేదు. స్వతంత్ర కళాకారునికి మంజూరు చేసే అధికారీ లేడు, బదులు పనిచేసేవాడూ లేడు. అతడు ఇంట్లో ఉంటే వాద్యగాళ్ళకూ, వేదిక కట్టేవారికీ ఆ నెల పని పోతుంది. ఆ రెండు వారాల లెక్క, ఈ ఇరకాటం పాటకెక్కి ఉంటే, ‘ది బిగ్ డే’ నిడివి సగానికి తగ్గినా విచారించే శ్రోత ఉండడు.