రెండో తరగతి బస్సులో మాయా దేశం

అమెరికాలో ఉన్న మనవాళ్లు చాలామంది క్రిస్మస్ సెలవులకు మెక్సికోలోని కాన్‌కూన్ వెళ్తారు. సముద్రం ఒడ్డున రిసార్టు, అందులో ఒక రోజు మాయావాళ్ల పాత నగరం చిచెన్ ఇట్జా. దాదాపు 200 కిలోమీటర్లు ఏసీ బస్సులో పోయి, ఎండ నడినెత్తికి ఎక్కే వేళకు పిరమిడ్ ముందు దిగుతారు. అదే గంటకు వందలాది బస్సులవాళ్లు కూడా దిగుతారు. ఎలా ఉందండీ అని అడిగితే, "బాగానే ఉంది, ఎండకి నిలవలేకపోయాం" అంటారు. వింటుంటే నాకు బాధేస్తుంది. అంత డబ్బు పెట్టి, పిల్లల్ని వెంటబెట్టుకుని అంతదూరం వెళ్లినవాళ్లకు ఆ చోటు ఏమీ చెప్పకుండానే పంపేసింది.

నేను ఈ మాయా దేశాన్ని బస్సు మీద బస్సు మారుతూ చూశాను. మొదట డబ్బు చాలక అలా వెళ్లాను. ఇప్పుడు చేతిలో కాస్త ఆడినా అలాగే వెళ్తాను, ఎందుకంటే మాయావాళ్లు తమ గుళ్లను అక్కడ, అలా ఎందుకు కట్టుకున్నారో నాకు ఎక్కువగా తెలిసింది బస్సు కిటికీలోంచే.

యుకటాన్ రాష్ట్ర రాజధాని మెరిదాలో రెండు బస్టాండ్లు ఒకే మూల మీద ఉంటాయి. మొదటి తరగతిది నిగనిగలాడుతూ, చల్లగా ఉంటుంది. 69వ వీధి వైపు ఉన్నది రెండో తరగతిది. కోళ్ల బుట్టలు, మొక్కజొన్న పిండి మూటలు, తెల్లటి గౌను మీద పూలు కుట్టిన ఇపిల్ తొడుక్కున్న ముసలమ్మలు అక్కడ కనిపిస్తారు. మరో మాయా నగరం ఉష్మల్ వెళ్లాలంటే నేను అక్కడే టికెట్ కొంటాను. ఈ బస్సులు ఊరూరా ఆగుతాయి, మధ్యలో చెయ్యెత్తినా ఆగుతాయి. గంటన్నర ప్రయాణం, టికెట్ చవక. ఉష్మల్ గేటు దగ్గర రాష్ట్రానికొక టికెట్, కేంద్రానికొక టికెట్ కొనాలి. ఆ రెండూ కలిస్తే బస్సు ఖర్చుకు ఎన్నో రెట్లు. అందుకే డబ్బు ఆదా అంతా తిండిలో, పడకలో, బస్సులో జరగాలి. ప్రవేశ రుసుము దగ్గర పీనాసితనం పనికిరాదు. ఒక చోటు తగ్గించుకుని అయినా సరే, చూసే చోట రోజంతా ఉండాలి.

ఆ గంటన్నరలో కిటికీలోంచి కనపడనిది ఒకటుంది: నది. వాగు కూడా లేదు. ఉత్తర యుకటాన్ అంతా సున్నపురాయి బల్ల. పడిన వాన పడినట్టే రాతి పగుళ్లలోంచి కిందికి ఇంకిపోతుంది. ఆ రాయి కూలిన చోట్ల లోపలి నీళ్లు బయటపడి నిలువు గుండాలవుతాయి. వాటినే సెనోటేలంటారు. 6.6 కోట్ల ఏళ్ల కిందట రాక్షసబల్లుల కాలాన్ని ముగించిన గ్రహశకలం పడింది ఇక్కడే, చిక్షులూబ్ దగ్గర. ఆ గుంత అంచు పొడవునా సెనోటేలు అర్ధచంద్రాకారంలో వరసగా ఉన్నాయి. ఊళ్లు వాటి పక్కన వెలిశాయి. కానీ మూనా దాటాక నేల కొంచెం లేచి, బస్సు చిన్న కొండ ఎక్కుతుంది. అదే పూక్ ప్రాంతం. ఇక్కడ సెనోటేలు కూడా దాదాపు ఉండవు, భూగర్భజలం బాగా లోతు. ఉష్మల్ లాంటి నగరం సరిగ్గా ఇలాంటి చోట, కొండ మధ్య పల్లపు ఎర్రమట్టి పండుతుందని, లేచింది.

మరి నీళ్లు? ఉష్మల్‌లో గైడ్ల గుంపులు మాంత్రికుడి పిరమిడ్ చుట్టూ మూగి ఉన్న వేళ, నేల మీద ఒక గుండ్రటి రాతి నోరు ఉంటుంది, చాలామంది దాటుకుని పోతారు. వంగి చూస్తే లోపల చీకటి. పైన ఇరుకు మెడ, కింద సీసా బుడ్డిలా ఉబ్బిన గది, గోడలకు సున్నపు గచ్చు. దాని పేరు చుల్తున్. ముంగిట గచ్చు నేలనంతా ఆ నోటి వైపు వాలుగా పరిచారు. వానాకాలపు నీళ్లని పట్టి మిగిలిన నెలలంతా తాగారు. ఆ నోటి అంచు మీద చెయ్యి పెట్టి నిలబడితే, గోడల మీద పొడుగు ముక్కుల వాన దేవుడి ముఖాలు ఇన్ని ఎందుకున్నాయో వేరే ఎవరూ చెప్పక్కర్లేదు.

ఆ ముఖాలు కబాలో ఇంకా దట్టంగా ఉన్నాయి. ఉష్మల్ నుంచి 20 కిలోమీటర్ల పైచిలుకు. రోడ్డు ఆ పాత నగరం నడుమ నుంచే పోతుంది. డ్రైవర్‌తో ముందే చెబితే గేటు ముందు దించేస్తాడు. అక్కడి కోద్జ్ పోప్ అనే భవనం ముఖభాగం మొత్తం వాన దేవుడు చాక్ ముఖాలే, సుమారు 250. కొందరు పండితులు అవి కొండదేవర ముఖాలంటారు. కొండ మీదే మబ్బు కడుతుంది కాబట్టి నాకు ఆ తేడా పెద్దగా అడ్డురాలేదు. ప్రతి ముఖమూ ముక్కలు ముక్కలుగా చెక్కి అతికిందే. కంటి గుడ్డు ఒక రాయి, కనురెప్ప ఒక రాయి, చెవి కమ్మ ఒక రాయి, వంకీ తిరిగిన పొడుగు ముక్కు ఒక రాయి. ముక్కులు చాలావరకు విరిగిపోయాయి. లోపలి గదిలోకి ఎక్కే మెట్టు కూడా ఒక ముఖమే, చుట్ట చుట్టుకున్న ముక్కు మీద కాలు పెట్టి ఎక్కాలి. అక్కడ నేనున్నంతసేపూ వచ్చింది ఒక ఫ్రెంచి జంట, ఒక తోటమాలి, అంతే.

తిరుగు బస్సుకు రోడ్డు పక్కన చెట్టు నీడలో నిలబడాలి. వేళలు కాగితం మీద ఒకటి, రోడ్డు మీద ఒకటి. ఆ పూట దొరికిన బస్సులో నా పక్కన ఒక పెద్దాయన కూర్చున్నారు. కాళ్ల మధ్య కొడవలి, ఒడిలో టోపీ. నా స్పానిష్ అంతంతమాత్రం, ఆయనకూ అది ఇంటి భాష కాదు, ఇంట్లో మాయానే. కిటికీలోంచి చేలు చూపించారు. వాటిని చేలనడానికి మనకు నోరు రాదు, అంతా రాళ్లే. దున్నడం కుదరదు. పొద కొట్టి, కాల్చి, రాళ్ల సందుల్లో మొనదేలిన కర్రతో పొడిచి, ఒకే గుంతలో మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి గింజలు వేస్తారు. ఈ పద్ధతికి మిల్పా అని పేరు. నీటి కాలువల్లేవు, వాన పడాలి, అంతే. పడకపోతే ఏం చేస్తారని అడిగాను.

"చాక్‌ని పిలుస్తాం" అన్నారు.

ఊరి పూజారి అడవి అంచున కర్రలతో పీట కట్టి, పైన పచ్చి కొమ్మలు వంచి పందిరి వేస్తాడు. మొక్కజొన్న రొట్టెలు, తేనె కలిపి పులియబెట్టిన పానీయం నైవేద్యం. ఒక మనిషి చాక్ అయి, చెక్క కత్తి పట్టుకుని ఉరుముతాడు. పీట నాలుగు కోళ్ల దగ్గర నలుగురు మగపిల్లలు కూర్చుని కప్పల్లా బెకబెకలాడాలి. "చిన్నప్పుడు నేనూ కప్పనే" అని, ఆ బస్సులోనే గొంతు దించి బెకబెకమని చూపించారు. ముందు సీటు పిల్లాడు వెనక్కి తిరిగి నవ్వాడు. మా వైపు వానలు రాకపోతే రోకలికి కప్పని కట్టి ఇల్లిల్లూ తిప్పుతారని, గడపగడపకీ ఆడవాళ్లు బిందెలతో దాని మీద నీళ్లు పోస్తారని, కప్పతల్లి పాట పాడతారని చెప్పడానికి నేను ఎంత తంటాలు పడ్డానో. రోకలికి స్పానిష్ మాట రాక చేతులతో దంచి చూపించాను. ఆయనకి అర్థమైంది. "మరి వాన పడుతుందా?" అని చాలా శ్రద్ధగా అడిగారు.

మాయా నాగరికత అంతరించిపోయింది అని రాసే పుస్తకాలు నాకు నచ్చకపోవడానికి కారణం ఇదే. అంతరించింది రాజులు, వాళ్ల నగరాలు. పూక్ నగరాలు పదో శతాబ్దం దాటాక ఎంతో కాలం నిలవలేదు. యుకటాన్‌లోని ఒక గుహలో చుక్క చుక్కగా పెరిగిన రాతి స్తంభాన్ని పరిశీలించిన శాస్త్రవేత్తలు, 871కీ 1021కీ మధ్య వానాకాలాలే ఎండిపోయిన కరువులు పలుమార్లు వచ్చాయని, వాటిలో ఒకటి వరసగా 13 ఏళ్లు సాగిందని 2025లో ప్రచురించారు. 13 ఏళ్లంటే చుల్తున్‌లు ఎన్ని ఉన్నా ఏం లాభం? రాళ్ల మీద తేదీలు చెక్కించే రాజు పోయాడు. గుంతలో మూడు గింజలు వేసే రైతు మిగిలాడు, ఆయన నా పక్కన కూర్చుని ప్రయాణం చేశాడు.

చిచెన్ ఇట్జా సంగతి క్లుప్తంగా చెబుతాను. కాన్‌కూన్‌లో పడుకోవద్దు. వయదోలిద్‌లో పడుకోండి, అక్కడికి 40 కిలోమీటర్ల చిల్లరే. పొద్దున్నే షేర్ వ్యాన్లు ఉంటాయి, నిండగానే కదులుతాయి. ఎనిమిదికి గేటు తీసేసరికి అక్కడుంటే, రిసార్టు బస్సులు వచ్చేలోపు రెండు గంటల పైన ఆ మైదానం మీది. పిరమిడ్ ఎక్కడం 2006 నుంచి నిషేధం, అది మంచిదే. తిరిగి వచ్చాక వయదోలిద్ ఊరి నడుమే ఉన్న జాసీ సెనోటేలో ఈత కొట్టొచ్చు. మార్కెట్లో మధ్యాహ్నం భోజనం. శాకాహారులు భయపడక్కర్లేదు. వేయించిన గుమ్మడి గింజలు, కాల్చిన టమాటా, హబనేరో మిరపకాయ కలిపి నూరిన సికిల్ పాక్‌తో వేడి టోర్టియాలు ఎన్నైనా లాగించొచ్చు. ఈ ఊరికి ఇంకో చరిత్ర కూడా ఉంది. భూముల, పన్నుల బాధ పడలేక 1847లో మాయా రైతులు తిరగబడ్డ పోరాటం ఈ ప్రాంతంలోనే రాజుకుంది. తిరుగుబాటుదారుల రాజధాని చాన్ శాంతా క్రూజ్‌ను మెక్సికో సైన్యం పట్టుకోవడానికి 1901 దాకా పట్టింది. ఆ ఊరి పేరు ఇప్పుడు ఫెలిపే కరియో ప్వెర్తో. తులూమ్ నుంచి దక్షిణానికి పోయే బస్సులన్నీ దాని మీదుగానే వెళ్తాయి.

2023 డిసెంబరు నుంచి మాయా రైలు నడుస్తోంది. సుఖంగా ఉంటుంది. కానీ చాలా స్టేషన్లు ఊరికి దూరం, మళ్లీ వ్యాన్ ఎక్కాలి. తీరం వెంట ఆ పట్టాల కోసం సెనోటే గుహల కప్పుల్లోంచి ఇనుప స్తంభాలు దించారు. ఆ నీళ్లే తాగే నేల అది. నాకు ఆ రైలెక్కాలనిపించలేదు.

మెరిదా నుంచి చియాపాస్ రాష్ట్రంలోని పలెంకేకి మాత్రం రాత్రి మొదటి తరగతి బస్సే ఎక్కాలి. ఒక రాత్రి గది అద్దె మిగులుతుంది. ఏసీ గడ్డకట్టిస్తుంది, దుప్పటి చేతి సంచిలో ఉంచుకోవాలి, కింద డిక్కీలో వేస్తే చలికి వణకడమే. పొడి నేల మీద నిద్రపోయి, తెల్లారేసరికి తడి కొండల కింద కళ్లు తెరుస్తారు. పలెంకేలో నీళ్లు లేకపోవడం కాదు, ఎక్కువవడమే కష్టం. ఓతులూమ్ అనే ఏరుని రాజభవనం పక్కగా రాతి కప్పు వేసిన కాలువలోకి మళ్లించి, పైన నడిచే నేల సంపాదించారు. అక్కడి శాసనాల గుడి కింద రాజు పకల్ సమాధి ఉంది. గుడి నేలపలకలోని రంధ్రాలు గమనించిన పురావస్తు శాస్త్రవేత్త ఆల్బెర్తో రూస్, కింద మెట్లున్నాయని పసిగట్టి, వాటి నిండా కూరిన రాళ్లూ మట్టీ ఏళ్ల తరబడి తవ్వించి 1952లో సమాధి దాకా చేరాడు. ఉష్మల్ చూసి వచ్చిన నాకు మాత్రం ఆ ఏటి చప్పుడే ఎక్కువ పట్టింది.

ఒక జాగ్రత్త. కొన్నేళ్లుగా చియాపాస్ సరిహద్దు ప్రాంతం ప్రశాంతంగా లేదు. పలెంకే నుంచి సాన్ క్రిస్తోబాల్ వెళ్లే కొండ దారిలో అడ్డగింతలు మామూలు. పగటి బస్సే ఎక్కాలి. బస చేసిన ఇంటివాళ్లు వద్దంటే మానుకోవాలి. చవక ప్రయాణమంటే మొండి ప్రయాణం కాదు. మెక్సికోకి అమెరికా వీసా ఉన్న మనవాళ్లకు వేరే వీసా అక్కర్లేదు. గ్వాటెమాల నిబంధనలు విడిగా కనుక్కోవాలి.

గ్వాటెమాల కొండల్లో బస్సులు వేరే రకం. అమెరికాలో పిల్లల్ని బడికి మోసి రిటైరైన పసుపుపచ్చ బస్సులకు ఎరుపూ నీలం పూసి, మెరుపు రేకులు కొట్టి తిప్పుతారు. ఇద్దరు పిల్లల సీటులో ముగ్గురు పెద్దవాళ్లు. అయుదాంతే అనే కుర్రాడు కదిలే బస్సు వెనక నిచ్చెన పట్టుకుని పైకెక్కి మూటలు దించుతాడు. తెక్‌పాన్ ఊరికి ఇలాంటి బస్సులోనే వెళ్లి ఇషిమ్‌చే చూశాను. కక్చికెల్ రాజుల రాజధాని అది. గుళ్లు పొట్టివి, శిల్పాలు తక్కువ. కానీ వెనక పైన్ చెట్ల కింద ఇప్పటికీ హోమం జరుగుతుంది. పంచదారతో నేల మీద ముగ్గు గీసి, కర్పూరం లాంటి కోపల్ బంక, కొవ్వొత్తులు పేర్చి వెలిగిస్తారు. 2007 మార్చిలో అమెరికా అధ్యక్షుడు బుష్ ఆ చోటు చూసి వెళ్లాక మాయా పూజారులు దాన్ని శుద్ధి చేశారు. అంటే అది వాళ్లకి చూడ్డానికి పెట్టిన బొమ్మ కాదు, గుడి.

చివరగా గ్వాటెమాల అడవిలోని మాయా నగరం తికాల్. సరస్సు మధ్యలోని ఫ్లోరెస్ దీవి ఒకప్పటి నోహ్‌పెతెన్, స్పెయిన్‌కి 1697 దాకా లొంగని ఆఖరి మాయా రాజ్యపు రాజధాని. ఎదురు ఒడ్డు సాంతా ఎలేనా నుంచి తికాల్‌కి వ్యాన్లు పోతాయి. అడవి ఎంత పచ్చగా ఉన్నా ఇక్కడా నది లేదు. గుళ్ల మధ్య పల్లాలని కట్టలు కట్టి చెరువులు చేశారు. ఒక చెరువుకి నీళ్లు వడకట్టడానికి జియోలైట్ ఖనిజం దూరం నుంచి తెచ్చి వాడారని 2020లో వెల్లడైంది. సుమారు 65 మీటర్ల నాలుగో గుడి ఎక్కినవాళ్లందరూ పైనుంచి అడవిని చూస్తారు. దిగాక ఆ ఎండిన చెరువు గుంతల వెంట నడవమని నా మనవి.

సాంతా ఎలేనా నుంచి రోజుకో బస్సు తికాల్ మీదుగా వాషక్తూన్ దాకా పోతుంది. తికాల్‌లో దిగకుండా కూర్చోండి. ఇంకో 20 కిలోమీటర్ల పైన మట్టి రోడ్డు. పాత విమానాల దారి చుట్టూ ఇళ్లు, ఇళ్ల వెనకే గుళ్లు. ఒక మెట్ల గుడి మీద నిలబడితే ఎదుటి మూడు గుళ్ల మీదుగా అయనాల నాడూ విషువత్తుల నాడూ సూర్యుడు ఎక్కడెక్కడ ఉదయిస్తాడో కనిపెట్టేలా కట్టారు. అది చూడాలంటే రాత్రి ఊళ్లోనే ఉండాలి. తిరుగు బస్సేమో పొద్దున్నే కదులుతుంది. సూర్యోదయం చూస్తే బస్సు పోతుంది. కాబట్టి రెండు రాత్రులకి సరిపడా క్వెట్జాల్ నోట్లు, చిల్లరగా, సాంతా ఎలేనాలోనే తీసి పెట్టుకోండి. ఆ ఊళ్లో ఏటీఎం లేదు.