చిటికెడు ఉప్పు చాలదు

పఫర్ చేపను ఆకలి మీద ఉన్నప్పుడు చూడాలి. తూనీగ గాల్లో నిలిచినట్టు నీళ్లలో ఒక్కచోట నిలబడి, రెండు కళ్లనూ రెండు దిక్కులకు తిప్పుతూ ఆకు వెనక నక్కిన నత్తను కనిపెడుతుంది. చుట్టూ ఒకసారి తిరుగుతుంది. నత్త తల బయటపెట్టేదాకా ఓపిగ్గా ఆగుతుంది. ఆ తర్వాత ఒక్క కొరుకు! గుల్ల పటుక్కుమన్న చప్పుడు గాజు ఇవతల కూర్చున్న మనకు వినిపిస్తుంది. మూడంగుళాలు దాటని ప్రాణికి ఇంత వేట నేర్పు ఉందంటే చూడందే నమ్మలేం. గప్పీలు, గోల్డ్‌ఫిష్‌లతో అక్వేరియం అంటే ఇంతేలే అనుకున్నవాళ్లు పఫర్ ముందు పది నిమిషాలు కూర్చుంటే చాలు, మళ్లీ ఆ మాట అనరు.

నేను చెబుతున్నది ఫిగర్ ఎయిట్ పఫర్ గురించి. నల్లటి వీపు మీద పసుపుపచ్చ గీతలు, తోక దగ్గర పసుపు అంచున్న నల్లటి చుక్కలు, తెల్లటి పొట్ట. బోర్నియో, సుమత్రా, థాయ్‌లాండ్ వైపు నుంచి వస్తుంది. దీని పెద్దన్న గ్రీన్ స్పాటెడ్ పఫర్ పదిహేను సెంటీమీటర్లు పెరుగుతుంది, వయసు వచ్చేకొద్దీ మరింత ఉప్పు కోరుతుంది. ఆ పెద్దన్న శాస్త్రవేత్తలకు ముద్దుబిడ్డ. వెన్నెముక ఉన్న జీవుల్లో అతి చిన్న జన్యుపటాల్లో ఒకటి దీనిది కావడంతో 2004లోనే దాన్ని చదివేశారు. మన దేశానికీ ఈ కుటుంబంతో పాత చుట్టరికమే ఉంది. ఫ్రాన్సిస్ హామిల్టన్ 1822లో అచ్చువేసిన గంగానది చేపల పుస్తకంలోనే ఒక పఫర్ ఉంది.

ఇక నీళ్ల సంగతి. ఈ విద్య అంతా అక్కడే ఉంది.

కొల్లేటి నీళ్లను సముద్రానికి మోసే ఉప్పుటేరు గట్టున నిలబడ్డవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. పోటు వచ్చినప్పుడు ఒక రుచి, పాటు తీసినప్పుడు ఇంకో రుచి. పఫర్‌కు కావలసిన అలాంటి నీళ్లను గాజుతొట్టిలో నిలబెట్టడమే పెంపకందారు పనితనం. లీటరుకు సుమారు తొమ్మిది గ్రాముల మెరైన్ సాల్ట్ కలిపితే నీటి సాంద్రత 1.005 దగ్గర నిలుస్తుంది. సముద్రంలో లీటరుకు 35 గ్రాములు కదా, అందులో నాలుగోవంతు. అరవై లీటర్ల తొట్టికి అరకిలో పైచిలుకు ఉప్పన్నమాట! వంటింటి ఉప్పు ఇందుకు పనికిరాదు. అందులో కాల్షియం, మెగ్నీషియం, కార్బొనేట్లు ఉండవు. ఉప్పును నేరుగా తొట్టిలో పోయకూడదు. విడిగా బకెట్లో కలిపి, చిన్న పంపుతో గంటలపాటు తిప్పి, ఉప్పదనం (సెలైనిటీ) కొలిచే రిఫ్రాక్టోమీటర్ మీద ఒక చుక్క వేసి చూసుకోవాలి. భీమవరం వైపు రొయ్యల రైతుకు ఈ పరికరం కొత్త కాదు. “సెలైనిటీ ఎంతుంది?” అన్నది అక్కడ కుశలప్రశ్నలాగే వినిపిస్తుంది. అంత తెలివైన చేతులున్న నేల మీద పఫర్ పెంపకం ఇంత తక్కువగా ఉండటం నాకు మింగుడు పడదు.

ఎండాకాలంలో అసలు పరీక్ష మొదలవుతుంది. నీరు ఆవిరైపోతుంది, ఉప్పు మాత్రం తొట్టిలోనే ఉండిపోతుంది. అందుకని తగ్గిన మేరకు మంచినీళ్లే పోయాలి. ఉప్పునీళ్లు పోశారా, వారం తిరిగేసరికి రీడింగు ఎక్కడికో వెళ్లిపోతుంది. చేప మలినాలను అమ్మోనియా నుంచి నైట్రైట్‌గా, నైట్రేట్‌గా మార్చే బాక్టీరియా ఫిల్టర్‌లో స్థిరపడటానికి నెల, నెలన్నర పడుతుంది. ఉప్పును ఒక్కసారిగా పెంచితే ఆ బాక్టీరియా కూడా దెబ్బతింటుంది. సాంద్రతను వారానికి 0.002 చొప్పున పెంచుకుంటూ పోయేవాళ్లే నా దృష్టిలో నిజమైన పనివాళ్లు. మంచి పెంపకందారు తొట్టి చూస్తే నీళ్లు ఉన్నాయా లేవా అనిపిస్తుంది. అడుగున నలిపిన పగడపు రాయి, బండకు అంటుకున్న జావా ఫెర్న్, మధ్యలో ఒకే ఒక్క చేప. ఆ ఒంటరితనం చేపకు శిక్ష కాదు, గౌరవం. పఫర్‌కు పక్క చేపల రెక్కలు కొరికే గుణం ఉంది. దాని తొట్టి దానికే వదిలేయాలన్నది నా గట్టి పక్షం.

తర్వాత పళ్లు. పఫర్‌కు నాలుగే పళ్లు, పక్షి ముక్కులా అతుక్కుని ఉంటాయి, బతికినంత కాలం పెరుగుతూనే ఉంటాయి. గట్టి గుల్ల కొరికితేనే అరుగుతాయి. మెత్తటి తిండి మాత్రమే పెడితే పళ్లు మూతిని మూసేస్తాయి, ఎదురుగా తిండి ఉన్నా చేప పస్తులతో చస్తుంది. అందుకే దక్షత ఉన్నవాళ్లు బాల్కనీలో ఒక టబ్బు పెట్టి రామ్స్‌హార్న్ నత్తలను పెంచుతారు. పెంకుతో ఉన్న చిన్న రొయ్య, చిన్న పీత, గుల్ల అప్పుడప్పుడూ వేస్తారు. అప్పటికీ పళ్లు పెరిగిపోతే లవంగ నూనె పలచగా కలిపిన నీళ్లలో చేపను మత్తులోకి దింపి, తడిగుడ్డలో పట్టుకుని, గోళ్ల చర్మం కత్తిరించే సన్నటి నిప్పర్‌తో కొస మాత్రం కత్తిరించి, వెంటనే తన తొట్టి నీళ్లలోకి వదులుతారు. అంతా క్షణాల్లో జరిగిపోవాలి. ఆ పని వణక్కుండా చేసే చేతికి నేను చేతులెత్తి మొక్కుతాను. మందు మోతాదు తెలియనివాళ్లు మాత్రం పశువైద్యుడి దగ్గరికి వెళ్లాలి, ప్రయోగాలు చేయకూడదు.

ఈ విద్యను కాగితం మీద పెట్టిన పెద్దలున్నారు. జర్మనీకి చెందిన క్లాస్ ఎబర్ట్ మంచినీటి, ఉప్పుటేటి పఫర్ల మీదే ఒక పూర్తి పుస్తకం రాశాడు, 2001లో వచ్చింది. నీల్ మాంక్స్ సంపాదకత్వంలో 2006లో వచ్చిన ఉప్పుటేటి చేపల పుస్తకం నాబోటివాళ్లకు పారాయణ గ్రంథం. ఫ్లోరిడాలో క్రెయిగ్ వాట్సన్, జెఫ్రీ హిల్ బృందం 2009లో గ్రీన్ స్పాటెడ్ పఫర్ చేత తొట్టిలో గుడ్లు పెట్టించింది. అది చిన్న ఘనత కాదు. దుకాణాల్లో కనిపించే ఈ చేపలు దాదాపు అన్నీ ఏటి నుంచి పట్టుకొచ్చినవే.

అలా పట్టుకొచ్చినదాన్ని మనవాళ్లు ఏం చేస్తున్నారు? మంచినీళ్ల గిన్నెలో వేసి, “ఏమీ అక్కర్లేదండీ, చిటికెడు ఉప్పేస్తే చాలు” అని అంటగడుతున్నారు. ఆ చిటికెడు ఉప్పుకు ఉప్పుటేటి తొట్టి అని పేరు! పొట్ట బూడిదరంగుకు తిరిగి, గాజు వెంబడి పైకీ కిందికీ కొట్టుకుంటున్న చేపను చూపించి “ఎంత చురుగ్గా ఉందో చూడండి” అంటారు. అది చురుకు కాదు, వేదన. ప్రకృతిలో మంచినీళ్లలోనూ దొరుకుతుంది కదా అని వాదించేవాళ్లున్నారు. ఏట్లో దానికి ఎటైనా వెళ్లే దారి ఉంది, గిన్నెలో ఎక్కడుంది? తేలిక ఉప్పునీళ్లలో ఫిగర్ ఎయిట్ పదేళ్లు దాటి బతుకుతుందని చేయి తిరిగినవాళ్లు చెబుతారు. గిన్నెలో నెలలకే పోతే చేపది బలహీనత అంటారు. వీడియో కోసం గిల్లి ఉబ్బించేవాళ్ల గురించి తలుచుకుంటేనే ఒళ్లు మండుతుంది. వలతో గాల్లోకి ఎత్తితే పఫర్ గాలి మింగుతుంది, ఆ గాలిని వదల్లేక తేలిపోయి చావొచ్చు. నీళ్లలోనే మగ్గు ముంచి పట్టడం ఎవరికైనా చేతనయ్యే పని.

చెన్నై కొళత్తూరు నుంచి మన ఊళ్ల దాకా చేపలమ్మే ప్రతివారినీ అడుగుతున్నాను. పఫర్ తొట్టి మీద ధరతో పాటు సెలైనిటీ అంకె కూడా రాయండి. ఉప్పు, రిఫ్రాక్టోమీటర్ కొననివారికి చేపను అమ్మకండి. ఉప్పుటేటి నీళ్లలో చేపలు, రొయ్యల సాగు కోసమే 1987లో చెన్నైలో వెలసిన పరిశోధన సంస్థ సీబా, 1997లో పండుగప్ప పిల్లను హేచరీలో పుట్టించి చూపించింది. ఆ శాస్త్రవేత్తలు పఫర్ మీద ఒక్క చూపు వేసినా, దాని విత్తనం మన హేచరీల్లో తయారయ్యే దారి దొరుకుతుంది. గోదావరి జిల్లాల ఆక్వా యువకులారా, ఆ పనికి కావలసిన చేతివాటం మీ దగ్గర ఉంది. చెరువు గట్టున ఒక తొట్టి పెట్టి మొదలుపెట్టండి.