బయోమెడికల్ కాన్ఫరెన్సు: ఎవరి దేహం, ఎవరి విజ్ఞానం?

ఒక బయోమెడికల్ ఇంజినీరింగ్ కాన్ఫరెన్సు బ్రోషరు మా చేతికొచ్చింది. పంపింది ఆ కాన్ఫరెన్సు జరిపిన విద్యాసంస్థలోనే రిసెర్చి చేస్తున్న ఒక దళిత మిత్రుడు. ఆయన పేరూ, ఆ సంస్థ పేరూ ఇక్కడ రాయడం లేదు. రాస్తే ఆయన థీసిస్ మీద సంతకం పెట్టాల్సిన వాళ్ళు ఊరుకోరని మాకు తెలుసు. పైగా ఇట్లాంటి బ్రోషర్లు చాలా క్యాంపస్‌లలో దొరుకుతాయి, ఒక్కరి మీదికి పోవడం మా ఉద్దేశం కాదు. కథనీ, కవితనీ విమర్శకి పెట్టినట్టే కాన్ఫరెన్సు బ్రోషరుని కూడా విమర్శకి పెట్టొచ్చని మేమనుకుంటున్నాం. మనం కావ్యాల్లో, శతకాల్లో, సినిమాల్లో కులాన్ని పట్టుకున్నాం. ఆసుపత్రి మెషీన్ దగ్గరికొచ్చేసరికి మాత్రం 'అది సైన్సు గదా' అని చెప్పులు బయట విడిచి నిలబడ్డాం. ఈ తప్పు మాది కూడా.

బ్రోషరు మొదటి పేజీలో చీఫ్ పాట్రన్, పాట్రన్లు. తర్వాత అడ్వైజరీ కమిటీ, కన్వీనరు, కో-కన్వీనర్లు, ఆర్గనైజింగ్ సెక్రటరీ. ఆ పేర్లూ వాటి వెనకాల తోకలూ చదువుకుంటూ పోతే పెళ్ళి శుభలేఖ చదువుతున్నామా అనిపిస్తుంది. జ్యోతి ప్రజ్వలన ఉంది, ప్రార్థనా గీతం ఉంది. రిజిస్ట్రేషన్ ఫీజుల పట్టిక ఉంది. చివరి పేజీలో స్పాన్సర్ల బొమ్మలున్నాయి. రిసెర్చి స్కాలర్ల పేర్లు ఎక్కడా లేవు. వచ్చిన పేపర్ల జాబితా తయారు చేసింది వాళ్ళు, బ్యాడ్జీలు అతికించింది వాళ్ళు, పోస్టర్లకి స్టాండ్లు మోసింది వాళ్ళు. మన మిత్రుడిని ట్రాన్స్‌పోర్ట్ కమిటీలో వేశారు. మూడు రోజులూ తెల్లవారుజామున రైల్వే స్టేషన్లో అతిథి పేరు రాసిన అట్ట పట్టుకుని నిలబడ్డాడు. ఒక్క ఉపన్యాసం కూడా మొదట్నించీ చివరిదాకా వినలేదు. భోజనాల కమిటీలో కాకుండా ట్రాన్స్‌పోర్టులోనే ఎందుకేశారని మేమడిగితే నవ్వి ఊరుకున్నాడు.

ఇది మర్యాదలకి సంబంధించిన గొడవ మాత్రమే అయితే ఈ వ్యాసం రాసేవాళ్ళం కాదు. కమిటీలో కూర్చున్నవాళ్ళే ఏది పరిశోధన అవుతుందో, ఏది కాదో తేలుస్తారు. మన మిత్రుడు కూడా ఒక పేపరు పంపాడు. మ్యాన్‌హోల్ పని చేసేవాళ్ళు ఛాతీకి కట్టుకునే చిన్న పరికరం అది. హైడ్రోజన్ సల్ఫైడ్ పెరిగినా, ఆక్సిజన్ తగ్గినా, గుండె వేగం తేడా వచ్చినా పైనున్న వాళ్ళకి హారన్ వినిపిస్తుంది. బ్రోషర్లో మొట్టమొదటి అంశమే 'ఒంటికి ధరించే సెన్సర్లు'. అయినా పేపరు వెనక్కొచ్చింది. స్కోపులోకి రాదు, సివిల్ ఇంజినీరింగ్ వాళ్ళకి పంపుకోమన్నారు. మారథాన్ పరిగెత్తేవాళ్ళ చేతి గడియారం మీద పేపరు మాత్రం అదే సెషన్లో చదివారు. పరిగెత్తేవాడి గుండె బయోమెడికల్, గుంటలోకి దిగేవాడి గుండె సివిల్!

మురుగుగుంటల చావుల మీద చట్టాలకేం తక్కువ లేదు. 1993లో ఒక చట్టం, 2013లో ఇంకొకటి. చనిపోయిన వాళ్ళ కుటుంబాలకి 10 లక్షలివ్వాలని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది, 2023లో దాన్ని 30 లక్షలు చేసింది. చచ్చాక ఎంతివ్వాలో లెక్క తేలింది. బతికుండగా ఆ ఊపిరిని కొలవాల్సిన శాస్త్రం 'నా స్కోపు కాదు' అంటోంది.

ఈ పేపరు మీద మాలోనే వాదన జరిగిందని కూడా చెప్పాలి. అలారం తయారు చెయ్యడమంటే మనిషి దిగడాన్ని ఒప్పుకున్నట్టే గదా, చట్టం వద్దన్న పనికి మనమే భద్రత కల్పిస్తామా అని ఒక మిత్రురాలు నిలదీసింది. ఆ మాటలో బలముంది. చట్టం అమలయ్యేదాకా దిగుతున్నవాడు ఏం కావాలని ఆయన ఎదురడిగాడు. మాకు తెగలేదు. అసలీ వాదన జరగాల్సింది ఆ కాన్ఫరెన్సు హాల్లో, మైకు ముందు. కేరళలో జెన్‌రోబోటిక్స్ అనే కంపెనీ 2018లో మ్యాన్‌హోళ్ళు శుభ్రం చేసే బ్యాండికూట్ అనే రోబోని దించింది. ఆ తర్వాత పక్షవాతం వచ్చినవాళ్ళకి నడక నేర్పే రోబో కూడా తయారు చేసింది. మురుగుగుంటకీ ఫిజియోథెరపీ గదికీ మధ్య గోడ ఆ ఇంజినీర్లకి అడ్డు రాలేదు. అడ్డొచ్చింది మన కమిటీలకే.

ఇక ప్రశ్న అడిగేవాళ్ళు గదిలో లేకపోతే మెషీన్ ఎట్లా తప్పుతుందో చూద్దాం. 2021లో కరోనా రెండో అల వచ్చినప్పుడు ఊళ్ళో ఆశా వర్కరు చేతిలో కూడా ఉన్న వస్తువు ఆక్సీమీటరు. వేలికి తగిలిస్తే అంకె చూపిస్తుంది. 94 కంటే తగ్గితే ఆసుపత్రికి పొమ్మన్నారు. ఆ క్లిప్పు వేలి గుండా రెండు కాంతుల్ని పంపుతుంది, ఒకటి ఎరుపు, రెండోది ఇన్‌ఫ్రారెడ్. రక్తం వాటిని ఎంతెంత పీల్చుకుందో చూసి ఆక్సిజన్ లెక్క కడుతుంది. చర్మంలోని మెలనిన్ కూడా కాంతిని పీల్చుకుంటుంది. పరికరాన్ని ఎక్కువగా తెల్లచర్మం వాళ్ళ వేళ్ళ మీద సరిచూసి మార్కెట్‌కి వదిలితే, నల్లటి వేలి మీద అది ఉన్నదానికంటే ఎక్కువ అంకె చూపించే ప్రమాదముంది. 2020 డిసెంబరులో అమెరికాలోని మిషిగన్ యూనివర్సిటీ డాక్టర్లు దీన్ని లెక్కలతో బైటపెట్టారు. మీటరు 92 నుంచి 96 దాకా చూపిస్తున్నప్పుడు ధమని రక్తంలో నిజమైన ఆక్సిజన్ 88 కంటే కిందికి పడిపోయి ఉండటం నల్లజాతి రోగుల్లో 11.7 శాతం, తెల్లవాళ్ళలో 3.6 శాతం. అంటే ఊపిరాడని మనిషికి 'బాగానే ఉన్నావు పో' అని మెషీన్ చెప్పింది.

ఇది కొత్తగా తెలిసిన సంగతి కూడా కాదు. నల్లజాతి రోగుల్లో ఆక్సీమీటరు తప్పుతోందని జుబ్రాన్, టోబిన్ అనే ఇద్దరు డాక్టర్లు 1990లోనే జర్నల్లో రాశారు. 1990కీ 2020కీ మధ్య ముప్పై ఏళ్ళలో ఎన్ని కాన్ఫరెన్సులు జరిగుంటాయి! 2013లో అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్.డి.ఎ. పెట్టిన షరతు చూడండి. పరీక్షకి కనీసం పది మందిని తీసుకోవాలి, వాళ్ళలో ముదురు రంగు చర్మం వాళ్ళు కనీసం ఇద్దరో లేక 15 శాతమో, ఏది ఎక్కువైతే అది ఉండాలి. పదిమందిలో ఇద్దరు. రిజర్వేషన్లంటే ప్రతిభ నాశనమని వాదించేవాళ్ళు ఈ అంకె దగ్గర కాసేపు ఆగాలి. ఇక్కడ ప్రాతినిధ్యం లేకపోతే నాశనమయ్యేది కొలతే.

అయితే కులానికీ రంగుకీ మేం లంకె పెట్టడం లేదు. నల్లటి బ్రాహ్మణుడూ, తెల్లటి మాదిగా ప్రతి ఊళ్ళో ఉంటారు. ఎండలో పనిచేసే చర్మం, ఏసీలో కూర్చునే చర్మం ఒకటి కాదన్నంతవరకే మా మాట. దేహాన్ని కొలిచి కులం చెప్పే పని తెల్లదొరలు ఇదివరకే చేశారు. హెర్బర్ట్ రిస్లీ 1891లో బెంగాల్ కులాల మీద వేసిన పుస్తకాల్లో ముక్కు వెడల్పుని బట్టి సంఘంలో ఎత్తుపల్లాలు చెప్పొచ్చన్నాడు. మద్రాసు మ్యూజియం సూపరింటెండెంటు ఎడ్గార్ థర్‌స్టన్ మన దక్షిణాది కులాల మనుషుల తలలకీ ముక్కులకీ క్యాలిపర్లు పెట్టాడు. బాబాసాహెబ్ అంబేడ్కర్ 1948లో అచ్చయిన 'ది అన్‌టచబుల్స్'లో ఆ ముక్కు కొలతల్నే తీసుకుని, వాటి ప్రకారం చూసినా బ్రాహ్మణుడూ అంటరానివాడూ ఒకే జాతి అవుతారని తేల్చి చూపించాడు. శత్రువు కొలబద్దని పట్టుకుని శత్రువు లెక్కనే తప్పని చెప్పడమంటే అదీ! మన రిసెర్చి స్కాలర్లకి ఆ పుస్తకం ఇంజినీరింగ్ పాఠంగా కూడా పనికొస్తుందని మేమంటాం.

పేరు లేని చేతుల సంగతికి మళ్ళీ వద్దాం. అమెరికాలో వివియన్ థామస్ అనే నల్లజాతి యువకుడు వడ్రంగం నేర్చినవాడు. డాక్టరు కావాలనుకుని దాచుకున్న డబ్బు బ్యాంకు దివాళాలో పోయింది. 1930లో వాండర్‌బిల్ట్ యూనివర్సిటీలో సర్జన్ బ్లేలాక్ ల్యాబ్‌లో చేరాడు. చేసింది పరిశోధన, జీతాల పట్టీలో మాత్రం ఊడ్చేవాడు. నీలిబిడ్డల గుండె ఆపరేషన్ పద్ధతిని కుక్కల మీద చేసి చేసి సాధించింది ఆయన. దానికి కావాల్సిన సూదుల్నీ, క్లాంపుల్నీ అరగదీసి మలిచింది ఆయన. 1944 నవంబరు 29న జాన్స్ హాప్కిన్స్‌లో మొదటి బిడ్డకి ఆపరేషన్ చేస్తుంటే బ్లేలాక్ వెనకాల స్టూలెక్కి నిలబడి ఎట్లా కుట్టాలో చెప్పాడు. 1945లో వచ్చిన వ్యాసంలో పేర్లు రెండే, బ్లేలాక్, టౌసిగ్. థామస్ పేరు లేదు. బ్లేలాక్ ఇచ్చే పార్టీల్లో అదే థామస్ మందు గ్లాసులు అందించే పనికి కుదురుకున్నాడు, జీతం చాలక. 1976లో గౌరవ డాక్టరేటు ఇచ్చారు. స్టేషన్లో అట్ట పట్టుకుని నిలబడ్డ మన మిత్రుడికి ఈ కథ చెప్తే, 'ముప్పై రెండేళ్ళు ఆగాలన్నమాట' అన్నాడు.

ఇంత దూరం పోనక్కర్లేదు కూడా. జైపూర్ కాలు 1968లో తయారైంది. ఆ రబ్బరు పాదాన్ని చేత్తో మలిచినవాడు రామచంద్ర శర్మ అనే శిల్పి, డాక్టరు పి.కె. సేథీ. 1981లో మెగసెసె అవార్డు సేథీకి వచ్చింది. పేరు చివర శర్మ ఉన్నా చేతిపనివాడు వెనక వరసలోనే మిగిలాడంటే, పేరు చివర ఏమీ లేనివాడి సంగతి చెప్పేదేముంది? మా ఊళ్ళలో చెప్పులు కుట్టే మాదిగ పెద్దాయన అరిగిన మడమ చూసి, మనిషి ఏ కాలు మీద బరువేస్తాడో, నడుం ఎటు వాలుతుందో చెప్తాడు. ఆ వైపు ఒక తోలుముక్క ఎత్తుగా వేసి కుడతాడు. దీన్నే కాన్ఫరెన్సులో గెయిట్ ఎనాలిసిస్ అంటారు, దానికొక పూట సెషన్ ఉంటుంది. ఆ సెషన్లో పెద్దాయనకి కుర్చీ వెయ్యమంటే నవ్వుతారు. లందలో తోలు నానబెట్టినవాడికి తోలు గుణం తెలియదా? తెలిసింది రాసిపెట్టే అవకాశం ఇవ్వలేదు, అంతే.

మంచి జరిగినచోట కూడా చెప్పుకుందాం. హైదరాబాద్‌లో అబ్దుల్ కలాం క్షిపణుల పనిలో ఉన్న రోజుల్లో నిమ్స్ ఎముకల డాక్టరొకరు ల్యాబ్‌కొచ్చి, అగ్ని క్షిపణికి వాడే తేలికపాటి పదార్థాన్ని చేత్తో ఎత్తి చూసి, ఆయన్ని ఆసుపత్రికి తీసుకుపోయాడు. అక్కడ పిల్లలు మూడు కిలోల పైచిలుకు ఇనప క్యాలిపర్లు ఈడ్చుకుంటూ నడుస్తున్నారు. మూడు వారాల్లో 300 గ్రాముల క్యాలిపర్ తయారైంది. దేశభక్తి ఉపన్యాసాల్లో ఈ కథ చాలాసార్లు వాడేశారు, మాకూ విసుగొచ్చింది. కానీ అసలు విషయం ఎవరూ పట్టించుకోలేదు. పదార్థం ముందే ఉంది, ఇంజినీర్లు ముందే ఉన్నారు. లేనిది ఆ పిల్లల కాళ్ళని చూపించే మనిషి. వార్డు ల్యాబ్‌లోకి నడిచొచ్చాక పని మూడు వారాలు.

మరి ఆ మనిషి ల్యాబ్‌లోకి శాశ్వతంగా ఎందుకు రాలేకపోతున్నాడు? 1992 నవంబరు 16న మండల్ కేసులో సుప్రీంకోర్టు తీర్పొచ్చింది. మెజారిటీ తీర్పు రాసింది మన తెలుగువాడే, జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి. ఆ తీర్పుని మనం గెలుపుగా పండగ చేసుకున్నాం, చేసుకోవాల్సిందే. అయితే అందులోనే ఒక పేరా ఉంది. కొన్ని ఉద్యోగాలకి రిజర్వేషన్ తగదేమోనంటూ ఉదాహరణలిచ్చింది. పరిశోధన సంస్థల్లో సాంకేతిక ఉద్యోగాలు, వైద్యంలో, ఇంజినీరింగ్‌లో స్పెషాలిటీలూ సూపర్ స్పెషాలిటీలూ అందులో ఉన్నాయి. బయోమెడికల్ ఇంజినీరింగ్ పేరెత్తలేదు గానీ, దాని తల్లీ తండ్రీ ఇద్దరూ ఆ జాబితాలోనే ఉన్నారు. 2019లో కేంద్రీయ విద్యాసంస్థల అధ్యాపకుల రిజర్వేషన్ చట్టం తెచ్చారు. ఐ.ఐ.టి.లు దాని కిందికొచ్చాయి, మంచిదే. కానీ హోమీ భాభా నేషనల్ ఇన్‌స్టిట్యూట్, టాటా ఫండమెంటల్ రిసెర్చి సంస్థ, నేషనల్ బ్రెయిన్ రిసెర్చ్ సెంటర్ లాంటివాటిని 'శ్రేష్ఠ' సంస్థలని చెప్పి బయట పెట్టారు. శ్రేష్ఠత ఎక్కడ మొదలవుతుందో మనం అక్కడ ఆగిపోవాలన్నమాట. ఆ గీతకి అవతలివైపు నుంచే కాన్ఫరెన్సు అడ్వైజరీ కమిటీలు వస్తాయి. అప్పుడిక బ్రోషర్లో పేర్లు శుభలేఖలా ఉండక ఎట్లా ఉంటాయి?

కాన్ఫరెన్సులు బహిష్కరించమని మేం చెప్పడం లేదు. పేపర్లు పంపండి. వెనక్కొచ్చిన ప్రతి పేపరునీ, దాంతోపాటు వచ్చిన జవాబునీ మాకు పంపండి, అచ్చేస్తాం. పేపర్లని తూచేవాళ్ళు ఎవరో, ఏ కొలతతో తూచారో బ్రోషర్లోనే రాయమని అడగండి. ఆసుపత్రి చెత్తని పసుపు, ఎరుపు సంచుల్లోకి, తెలుపు, నీలం డబ్బాల్లోకి ఎత్తేవాళ్ళకి ఒక సెషన్ ఇవ్వమని అడగండి. ఏ సూది ఎక్కడ గుచ్చుకుంటుందో వాళ్ళకి తెలిసినట్టు డిజైన్ చేసినవాళ్ళకి తెలియదు. పని చేసిన స్కాలర్ల పేర్లు మొదటి పేజీలో వెయ్యమని అడగండి. వేరే జర్నల్లో వాదన చెయ్యగలిగిన టీచర్లు మనలో ఉన్నారు, వాళ్ళు ఇంగ్లీషులో కూడా రాయాలి.

మన మిత్రుడు పేపరు తిరగరాశాడు. మిత్రురాలి అభ్యంతరాన్ని కూడా అందులోనే ఒక పేరాగా పెట్టాడు. ఈసారి వేరే ఊళ్ళో జరిగే కాన్ఫరెన్సుకి పంపుతున్నాడు. రిజిస్ట్రేషన్ ఫీజు స్కాలర్‌షిప్పులో ఒక నెల డబ్బులు తినేస్తుంది. మేం తలా కొంత వేసుకుంటున్నాం.